మిషను వచ్చింది సరే, వాషరు ఏది?

ఫోన్‌లో చూస్తే పవర్ స్ప్రేయర్ ఊళ్లో కొట్టు కన్నా ఎంతో కొంత తక్కువకే దొరుకుతుంది. పైగా ఇంటికే తెచ్చిస్తారు. రైతు అటు మొగ్గితే తప్పేముంది? రూపాయి ఎక్కడ మిగిలితే అక్కడ కొంటాం. కాకపోతే ఆ లెక్క కొన్న రోజుది. సేద్యంలో యంత్రం అసలు ధర తేలేది అది ఆగిపోయిన రోజున.

మిరప తోటనే తీసుకోండి. 2021-22లో నల్లతామర పురుగు గుంటూరు, ఖమ్మం తోటల్లో పూతను ఎలా నాశనం చేసిందో ఆ రైతులు ఇంకా మరిచిపోలేదు. అలాంటి పురుగు పూత మీద ఉన్నప్పుడు స్ప్రేయర్‌లో చిన్న రబ్బరు వాషరు అరిగి ప్రెషర్ పడిపోయిందనుకోండి. కస్టమర్ కేర్ వాళ్లు ఫిర్యాదు నంబరు ఇస్తారు. మిషన్ను మళ్లీ డబ్బాలో పెట్టి పంపమంటారు. ఆ పార్శిల్ తిరిగొచ్చేదాకా పురుగు ఆగుతుందా?

మండల కేంద్రంలో మంచి కొట్టయితే సంగతి వేరు. రైతు అరిగిన వాషర్ను అరచేతిలో పెట్టుకుని వస్తాడు. కొట్టాయన మోడల్ నంబరు కూడా అడగడు. వేళ్ల మధ్య తిప్పి చూసి, మేకుకు వేలాడుతున్న గుత్తిలోంచి సరిపోయేది తీసిస్తాడు. ఇంజను స్టార్టు కావడం లేదంటే ట్యాంకు మూత తీసి పెట్రోలు రంగు చూస్తాడు. "బాబాయ్, ఆయిల్ కలపకుండా ఉత్త పెట్రోలే పోశావా?" అంటాడు. టూ స్ట్రోక్ ఇంజనులో ఆయిల్ కలపకపోతే పిస్టన్ పట్టేస్తుందని కంపెనీ పుస్తకంలోనూ రాసి ఉంటుంది. ఆ పుస్తకం తెరిచేదెవరు?

పెద్ద యంత్రాలు ఆగిపోతే బాధ ఇంకా ఎక్కువ. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి తుపాను హెచ్చరికకూ వానకూ మధ్య దొరికే ఆ ఒకటి రెండు రోజుల్లో కోత మిషను బెల్టు తెగితే, సాయంత్రానికల్లా తెచ్చి బిగించే మనిషి దగ్గర్లో ఉండాలి. లేకపోతే పంట నీళ్లపాలే.

చట్టం ఉందిగా అంటారా? ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఎక్కడి కంపెనీ మీదైనా మన జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు. వినియోగదారుల కమిషన్ డబ్బు ఇప్పించగలదు, పోయిన అదును ఇప్పించలేదు.

అలాగని డీలర్లంతా ధర్మరాజులేం కాదు. బిల్లు అడిగితే మొహం చిట్లించేవారు, వారంటీ కార్డు మీద ముద్ర వేయనివారు, ఒరిజినల్ ధరకు డూప్లికేట్ స్పేర్లు అంటగట్టేవారు, అరువిచ్చి వడ్డీ పిండుకునేవారు ఉన్నారు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యవసాయ ట్రాక్టర్ల మీద, కోత యంత్రాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపు బిల్లులో కనబడకపోతే నిలదీయాల్సిందే. మనూరివాడన్న మొహమాటంతో కొనమని నేను చెప్పడం లేదు.

మరి ఎవరి దగ్గర కొనాలి? సీజను మొదలవక ముందే కొట్టుకెళ్లండి. రొటావేటర్ అయితే బ్లేడ్లు, స్ప్రేయర్ అయితే వాషర్లు, నాజిళ్లు అలమారాలో ఉన్నాయో లేదో కళ్లారా చూడండి. మెకానిక్ ఎవరో, పిలిస్తే పొలానికి వస్తాడో రాడో ముందే తేల్చుకోండి. మీ చేలో కాసేపు నడిపి చూపించమనండి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో వ్యవసాయ యంత్రాలను పరీక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. అలాంటి చోట పరీక్షించిన నివేదిక ఉందేమో అడగండి.

వీటన్నిటికీ జవాబు చెప్పగలిగిన డీలరు వెయ్యి ఎక్కువ అడిగినా ఇవ్వొచ్చు. రేపు మిషను మొరాయించిన రోజున ఆ వెయ్యి తిరిగొస్తుంది. స్పేరూ లేక, మెకానిక్కూ లేక ఉత్త డబ్బాలు అమ్ముకునేవాడు పక్క వీధిలో ఉన్నా దూరపువాడే. అతని దగ్గర కొనే బదులు ఫోన్‌లో కొనుక్కోవడమే నయం. కనీసం నాలుగు డబ్బులైనా మిగులుతాయి.