పంది చర్మంతో చూపు... పువ్వు పడిన కంటికి మాత్రం నేత్రదానమే దిక్కు

చనిపోయినవాళ్లు కళ్లిస్తేనే బతికున్నవాళ్లకు చూపు. కార్నియా విషయంలో ఇంతకాలం నడిచిన లెక్క ఇదే. నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొరే కార్నియా. దాని కోసం ప్రపంచంలో దాదాపు 1.27 కోట్ల మంది ఎదురుచూస్తున్నారని, 70 మందిలో ఒక్కరికే అందుతోందని 2016లో వెలువడిన ఓ అధ్యయనం తేల్చింది.

మాంసం పరిశ్రమలో మిగిలే పంది చర్మం ఈ కొరత తీర్చగలదా? స్వీడన్‌లోని లింకోపింగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అందులోని కొల్లాజెన్‌ను శుద్ధి చేసి కార్నియాలాంటి పొర తయారుచేశారు. ఇరాన్‌లోనూ, ఢిల్లీ ఎయిమ్స్‌లోనూ కలిపి 20 మందికి అమర్చారు. ఫలితాలు 2022లో ప్రకటించారు. ఆపరేషన్‌కు ముందు వారిలో 14 మంది అంధులు. రెండేళ్లు గడిచాక ఒక్కరూ అంధులుగా లేరు. దాత కార్నియాను రెండు వారాల్లోపు వాడేయాలి. ఇదేమో రెండేళ్లు నిల్వ ఉంటుంది. కుట్లూ అక్కర్లేదు.

మెలిక ఇక్కడే...

ఆ 20 మందిదీ కెరటోకోనస్. అంటే కార్నియా పలచబడి ముందుకు పొడుచుకొచ్చే జబ్బు. పాత పొర తీయకుండా, చిన్న గాటు పెట్టి దాని మధ్యలోకి కొత్తది దూర్చారు. పల్లెల్లో కథ వేరు. వరి కంకి గుచ్చుకునో, చెరకు ఆకు గీసుకునో కంట్లో పుండు పడుతుంది. మానినా తెల్లటి పువ్వు మిగులుతుంది. పువ్వును అలాగే ఉంచి కొత్త పొర దూరిస్తే వెలుతురు లోపలికి పోదు. అది తీసి దాత కార్నియా వేయాల్సిందే. 2015-19 జాతీయ సర్వే ప్రకారం 50 ఏళ్ల లోపు వారిలో అంధత్వానికి మొదటి కారణం కార్నియా మసకబారడమే. రెక్కాడితేగానీ డొక్కాడని వయసది.

తోళ్ల ఊళ్లకు దారి ఉందా?

తోలు వ్యర్థాలంటే తమిళనాడు సరిహద్దులో గుర్తొచ్చేవి ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట. చెన్నై అడయారులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకు కొల్లాజెన్ పని కొత్త కాదు. అయితే క్రోమియంతో పదును చేసిన ముక్కలు కంటికి పనికిరావు. పచ్చి తోలే కావాలి. అది ఏ జంతువుదో, జబ్బులేనిదో కాదో ఆధారాలుండాలి. రోగికి ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. కష్టమే గానీ అసాధ్యమేం కాదు. శుక్లాల ఆపరేషన్‌లో వేసే లెన్సుల ధరను దించి చూపించింది 1992లో మదురైలో మొదలైన ఆరోల్యాబే.

అంతదాకా చేతిలో ఉన్న మందులు రెండు. కంటికి దెబ్బ తగిలితే ఆకుపసర్లు పోయకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తడం ఒకటి. ఇంట్లో ఎవరైనా కన్నుమూస్తే ఆరు గంటల్లోపు నేత్రనిధికి కబురుపెట్టడం రెండోది. కళ్లజోడు వాడినవారూ, శుక్లాల ఆపరేషన్ అయినవారూ కళ్లివ్వొచ్చు.