పండుగ పూట పెంపుడు కుక్క

మన పండుగలలో పశువులకు చోటు లేకపోలేదు. సంక్రాంతి మరునాడు వచ్చే కనుమ పూర్తిగా వాటిదే. ఆ రోజున రైతు ఎద్దులను నాగలికి గాని, బండికి గాని కట్టడు. చెరువుకు తోలి కడుగుతాడు. కొమ్ములకు రంగులు పూసి, మెడలో మువ్వలు కట్టి, కుంకుమ బొట్టు పెట్టి, కొత్త బియ్యపు పొంగలి తినిపిస్తాడు. ఏరువాక పున్నమికీ ఎద్దులకు గౌరవం జరుగుతుంది. రాత్రింబవళ్లు గడపను కనిపెట్టుకొని ఉండే కుక్కకు మాత్రం మన పండుగలలో అటువంటి రోజు కనిపించదు.

పొరుగు దేశమైన నేపాల్‌లో ఉంది. దీపావళిని అక్కడ తిహార్ అన్న పేరుతో ఐదు రోజులు జరుపుకొంటారు. అందులో రెండవ రోజు ‘కుకుర్ తిహార్’, అంటే కుక్కల పండుగ. మనకు నరకచతుర్దశి అయిన రోజే వారికి అది. ఇంటి కుక్కలకే కాక వీధి కుక్కలకు కూడా నుదుట తిలకం దిద్ది, బంతిపూల దండ వేసి, కడుపునిండా ఆహారం పెడతారు. కుక్క యమధర్మరాజు దూత అని వారి విశ్వాసం.

ఈ భావం మన సాహిత్యానికి అపరిచితం కాదు. స్వర్గద్వారం వద్ద తనను నమ్మి వచ్చిన కుక్కను విడిచిపెట్టనన్న ధర్మరాజు కథ అందరికీ తెలిసినదే. అంతకంటె ఆలోచింపజేసేది సరమ కథ. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి ఒక కుక్కపిల్ల ఆడుకొంటూ వచ్చింది. రాజు తమ్ముళ్లు దానిని కొట్టి తరిమారు. దాని తల్లి సరమ రాజసభకు వచ్చి, ఏ తప్పూ చేయని నా బిడ్డను ఎందుకు కొట్టించారని నిలదీసింది. నన్నయ ఈ కథను ఆదిపర్వం తొలిభాగంలోనే చెప్పాడు. కుక్కను సారమేయం అనడం ఈ సరమ పేరును బట్టియే. పెద్దల వేడుకలో అభం శుభం తెలియని ప్రాణికి దెబ్బ తగిలితే ఆ వేడుక చేసేవారిదే బాధ్యత అన్న ఆలోచన ఇందులో ఉంది.

కుక్కకు పండుగ ఏమిటని కొందరు నవ్వవచ్చు. దానికి తిథి వార నక్షత్రాలు తెలియవన్నది నిజమే. కాని ఇల్లు మారిపోవడం తెలుస్తుంది. వేళకు రావలసిన అన్నం రాదు. ముక్కూ మొగమూ తెలియని చుట్టాలు వస్తారు. తాను రోజూ పడుకొనే మూలలో మామిడాకుల బుట్టలో, అరటి గెలలో చేరతాయి. పిలిచినా, పిలవకపోయినా అది పండుగలో భాగమైపోయే ఉంటుంది. ఆ భాగం దానికి హాయిగా ఉన్నదా లేదా అన్నదే మనం చూడవలసినది.

నేడు నగరాలలో కుక్కలకు పట్టుబట్టలు కుట్టించి, మెడలో పూలదండ వేసి ఫోటోలు తీయడం ముచ్చటగా మారింది. అది మన ముచ్చటే గాని దాని ముచ్చట కాదు. కనుమ నాటి రైతు ఎద్దుకు విశ్రాంతిని, స్నానాన్ని, మంచి మేతను ఇచ్చాడు. దానికి ఏది సుఖమో దానినే పండుగగా చేశాడు. కొమ్ములకు పూసిన రంగులు అందరి కంటికీ కనబడుతున్నాయి. దింపిన కాడి ఎవరికీ కనబడడం లేదు.

కుక్కకు అన్నిటికంటె కష్టమైన పండుగ దీపావళి. మనిషి చెవికి సుమారు 20,000 హెర్ట్జుల వరకు శబ్దం వినబడితే, కుక్కకు సుమారు 45,000 హెర్ట్జుల వరకు వినబడుతుంది. మనకు వినబడని సన్నని శబ్దాలు సైతం వినగలిగిన ఆ చెవి పక్కన టపాకాయ పేలితే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. అది వణుకుతుంది, రొప్పుతుంది, చొంగ కారుస్తుంది, మంచం కింద దూరుతుంది. గేటు తెరిచి ఉంటే పరుగెత్తి దారి తప్పిపోతుంది. 2018లో సుప్రీంకోర్టు దీపావళి నాడు టపాకాయలు కాల్చడాన్ని రాత్రి 8 నుండి 10 గంటల వరకే పరిమితం చేసింది. మన వీధులు ఆ గడియారాన్ని చూస్తున్నాయా అన్నది వేరే ప్రశ్న!

ఆ రాత్రికి ఇంటివారు చేయగలిగినది చాలా ఉంది. పొద్దు వాలకముందే కుక్కను బయట తిప్పుకొని రావాలి. లోపలి గదిలో కిటికీలు మూసి, తెరలు దించి, ఫ్యాను శబ్దమో, టెలివిజన్ శబ్దమో ఉండేటట్లు చూడాలి. మెడపట్టీకి ఫోను నంబరు కట్టాలి. అది దాక్కొన్న చోటి నుండి బయటికి లాగకూడదు. ఓదారిస్తే భయం ఇంకా పెరుగుతుందన్న మాట సరికాదు. పక్కన ఒకరు కూర్చొని నిమిరితే దానికి ధైర్యంగా ఉంటుంది. భయం మరీ ఎక్కువైతే పండుగకు ముందుగానే పశువైద్యుని సంప్రదించాలి గాని, ఇంట్లో ఉన్న నిద్రమాత్ర వేయరాదు. పిల్లలు వంతులవారీగా దాని దగ్గర కూర్చోవడం ఆ ఇంటి దీపావళి ఆచారాలలో ఒకటి కావడం నా దృష్టిలో ఎంతో అందమైన విషయం.

తిండి సంగతి చిన్నదే గాని ప్రమాదం చిన్నది కాదు. చక్కెర పొంగలిలోని ఎండుద్రాక్ష కుక్క మూత్రపిండాలను దెబ్బతీయగలదు. గారెలలోని ఉల్లి రక్తకణాలకు చేటు. కోడికూర ఎముకలు గొంతులోనో, పేగులలోనో గుచ్చుకొంటాయి. చాక్లెట్టు అసలే పనికిరాదు. నేతిబొట్టుతో ప్రసాదం పెట్టాలన్న ప్రేమను కాదనలేం. ఉప్పూ కారం లేని ఉడికిన అన్నం, గుడ్డు ఆ ప్రేమకు చాలు. పూజగదిలోకి కుక్క రాకూడదన్న బామ్మగారి నియమంతోనూ తగవు పడనక్కరలేదు. గడప ఇవతల పడుకోవడం దానికి లోటు కాదు. సందడిలో దాని నీళ్ల గిన్నె ఎండిపోవడమే లోటు.

ఇక మిగిలినది సంక్రాంతి ప్రయాణం. హైదరాబాదులో స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఆ నాలుగు రోజులకు సొంత ఊళ్లకు తరలిపోతాయి. కనుమనాడు కాకి కూడా కదలదని సామెత. ఆ లెక్కన తిరుగు ప్రయాణం మరింత ఆలస్యం. రైలులో కుక్కను వెంట ఉంచుకోవాలంటే ఏసీ మొదటి తరగతిలో కూపేనో, నాలుగు పడకల గదినో పూర్తిగా తీసుకోవాలి. లేకపోతే రుసుము చెల్లించి గార్డు పెట్టెలో పంపాలి. చీకటిలో, మోతలో అది పడే యాతన కంటె ఊరికి తీసుకొనిపోకపోవడమే మేలు. కారులో వెళ్లేవారు సైతం పల్లెలోని కుక్కలు కొత్త కుక్కను రానీయవని గుర్తుంచుకొని గొలుసు విడువకూడదు. రేబిస్ టీకా ముందుగానే వేయించి ఉండాలి. ఇంటి వద్ద వదిలిపోయేవారు నాలుగు రోజుల అన్నం ఒకేసారి గిన్నెలో పోసి తాళం వేయడం క్రూరత్వమే. నమ్మకమైన పొరుగువారికి అప్పగించదలిస్తే, భోగికి ముందు రెండు మూడు సార్లు వారింట్లో కొంతసేపు ఉంచి అలవాటు చేయాలి. పశువైద్యుని ఫోను నంబరు, దాని అన్నం వేళలు కాగితం మీద రాసి ఇవ్వాలి. అది రోజూ పడుకొనే పాత దుప్పటిని ఉతకకుండా వెంట పంపాలి.