ఎవరు చదువుతారమ్మా నీ రాతలు?

బ్లాగు మొదలుపెడదామనుకుంటున్నాను అని ఇంట్లో అనగానే వినపడే మొదటి మాట ఇదే. భర్త అనొచ్చు, ఆడపడుచు అనొచ్చు, ఇంజనీరింగ్ చదివే కొడుకు అనొచ్చు. తిట్టినట్టు అనరు, నవ్వుతూనే అంటారు. అన్నవాళ్ళు ఆ నిమిషమే మర్చిపోతారు. విన్నావిడ మాత్రం మూడేళ్ళయినా ఒక్క టపా రాయదు. నాకు అన్నవాళ్ళ మీద అంత కోపం లేదు. ఆ ప్రశ్నకి జవాబు దొరికితే గానీ కలం పట్టకూడదని మనకి మనం పెట్టుకున్న నియమం మీదే కోపం.

ఒకటి గమనించారా? మనం చేసే ఇంకే పనికీ ఈ ప్రశ్న రాదు. సంక్రాంతికి గంటన్నర నడుం వంచి ముగ్గు పెడతాం. సాయంత్రానికి బళ్ళు తొక్కేస్తాయని అందరికీ తెలుసు. అయినా "ఎవరు చూస్తారమ్మా" అని ఎవరూ అడగరు. డబ్బా నిండా జంతికలు చేస్తే "ఎవరు తింటారమ్మా" అనరు. అరగంట కూర్చుని నాలుగు పేరాలు రాస్తే మాత్రం చదివేవాళ్ళ లెక్క ముందే చూపించాలి. ఇంటికి పనికొచ్చే పనికి లెక్క ఉండదు. మనకోసం మనం చేసుకునే పనికే లెక్కలన్నీను.

కొత్తగా రాద్దామనుకునేవాళ్ళని ఆపేవి నాలుగు: అర్హత, ఆదాయం, తీరిక, అనుమతి. నాలుగింటి సంగతీ ఇవాళ తేల్చేద్దాం.

ముందు అర్హత. "నాకు రాయడం రాదండీ", "నా చదువు పదితోనే ఆపేశారు", "మాది ఇంగ్లీషు మీడియం, గుణింతాలు తప్పులు పోతాయి." తెలుగులో బి.ఏ. చేసినదాన్ని కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను, బ్లాగుకి ఆ డిగ్రీ అక్కర్లేదు. మూడేళ్ళూ సంధులు, సమాసాలు, ఛందస్సు నేర్పారు. అత్తగారికి ఆపరేషన్ జరుగుతున్నప్పుడు ఆస్పత్రి వరండాలో కూర్చున్న కోడలి మనసులో ఏం నడుస్తుందో ఎలా రాయాలో ఎవరూ నేర్పలేదు. అది మీకు ఇప్పటికే వచ్చు. అక్కకి ఫోన్ చేసి చెప్పేటప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో, ఏది దాచి చివర్లో చెప్పాలో, ఎక్కడ నవ్వించాలో మీకు తెలియదా? అలాగే రాయండి. గుణింతాల తప్పులు పదో టపాకి తగ్గుతాయి. మొదటి టపాయే రాయకపోతే ఎప్పటికీ తగ్గవు.

అర్హత మాట వచ్చినప్పుడల్లా నాకు భండారు అచ్చమాంబ గారు గుర్తొస్తారు. ఆవిడ 1874లో పుట్టారు. పదేళ్ళకే పెళ్ళి చేశారు. బడి చదువు లేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు గారు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నారు. అలా నేర్చుకున్న చదువుతో 1902లో "హిందూ సుందరి" పత్రికకి "ధన త్రయోదశి" అనే కథ రాశారు. తెలుగులో మొదటి ఆధునిక కథ అంటే 1910లో వచ్చిన గురజాడ వారి "దిద్దుబాటు" అనే మనకి చాలాకాలం చెప్పారు. దానికి ఎనిమిదేళ్ళ ముందే ఒక ఇల్లాలు, ఆడవాళ్ళ పత్రికలో, పండగ ఖర్చుకి డబ్బు లేని ఒక ఇంటి కథ రాసింది. ఆవిడ ముప్పయ్యేళ్ళకే పోయారు. ఎవరో "సరే, నీకు రాయడం వచ్చింది" అని చెప్పేదాకా ఆగి ఉంటే ఆ కథ ఉండేది కాదు. అచ్చులో ఉంది కాబట్టే తర్వాతి తరాలవాళ్ళు వెతికి బయటికి తీయగలిగారు.

"మరి నేను రాసేవన్నీ ఇంటి కబుర్లే కదా" అంటారు. అయితే ఏం? కనుపర్తి వరలక్ష్మమ్మ గారు 1930 ప్రాంతాల్లో "గృహలక్ష్మి" పత్రికలో "శారద లేఖలు" రాసేవారు. శారద అనే ఆవిడ తన స్నేహితురాలికి ఉత్తరాలు రాస్తున్నట్టుగా ఉంటుంది ఆ శీర్షిక. ఆ ఉత్తరాల్లోంచే బాల్యవివాహాల చట్టం దాకా మాట్లాడారు. నన్నడిగితే అది అచ్చంగా బ్లాగే, కాకపోతే కాగితం మీద. ఇంట్లో నుంచి మొదలైన మాట ఇంట్లోనే ఆగిపోవాలని రూలేం లేదు. గ్యాస్ బండ ధర, పిల్లవాడి ట్యూషన్ ఫీజు, పెద్దవాళ్ళని ఎవరు చూసుకోవాలి అన్న గొడవ, ఇవన్నీ ఇంటి కబుర్లే. దేశం కబుర్లు కూడా ఇవే.

రెండోది ఆదాయం. ఇదే ఇప్పుడు పెద్ద జబ్బు. బ్లాగు ఎలా మొదలుపెట్టాలి అని వెతికితే చాలు, "ఇంట్లో కూర్చుని నెలకి ఇంత సంపాదించండి" అంటూ కోర్సులు అమ్మేవాళ్ళు మీద పడతారు. వాళ్ళ పాఠం ఎప్పుడూ ఒకటే. ముందు ఒకే ఒక్క అంశం ఎంచుకో, జనం ఏ మాటలు వెతుకుతున్నారో చూడు, డొమైన్ కొను, ఆ తర్వాతే రాయి. బ్యూటీ అయితే బ్యూటీ, వంట అయితే వంట, రెండూ కలిపితే లాభం లేదట. మన రోజు అలా ఉంటుందా అండీ? పొద్దున ఇడ్లీ పిండి పులవలేదని బాధ, పదింటికి ఎల్ఐసీ ప్రీమియం, మధ్యాహ్నం ఒక నవల, సాయంత్రం పిల్లతో లెక్కల దగ్గర యుద్ధం. ఇన్ని ఉన్న మనిషిని ఒక్క ముక్కకి కోసి అమ్ముకోమంటారేమిటి?

డబ్బు వద్దనట్లేదు. 2018 నుంచి తెలుగు బ్లాగులకీ గూగుల్ యాడ్‌సెన్స్ ప్రకటనలు వస్తున్నాయి. వస్తే తీసుకోండి. కానీ ఆ ప్రకటనల డబ్బు చూసేవాళ్ళ సంఖ్యని బట్టి ఉంటుంది. కొత్త బ్లాగుకి ఆ సంఖ్య మొదట్లో చాలా తక్కువ. డబ్బు కోసమే మొదలుపెట్టినావిడ ఆరు నెలలకి అంకెలు చూసి, "నా రాతకి విలువ లేదు" అనుకుని మూసేస్తుంది. విలువ లేనిది రాతకి కాదు, పెట్టుకున్న కొలబద్దకి. పైగా మొదలుపెట్టడానికి రూపాయి ఖర్చు కూడా లేదు. పైసా అక్కర్లేని పనికి వేలకి వేలు ఫీజు కట్టించుకునేవాళ్ళు మీకు రాయడం నేర్పడం లేదు. మీ భయాన్ని మీకే అమ్ముతున్నారు.

మూడోది తీరిక. ఇది మాత్రం సాకు కాదు, నిజం. 2019లో జాతీయ గణాంక కార్యాలయం మన దేశంలో ఎవరు దేనికి ఎంత సమయం పెడుతున్నారో సర్వే చేసింది. జీతం లేని ఇంటి పనికి ఆ పని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతుంటే, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారు. పిల్లల్ని, పెద్దవాళ్ళని చూసుకోవడం ఇందులో కలపలేదు. దానికి ఆడవాళ్ళు పెట్టేది ఇంకో 134 నిమిషాలు. కాబట్టి "తీరిక చేసుకోవాలమ్మా" అని నీతులు చెప్పేవాళ్ళని ముందు వాళ్ళ పళ్ళేలు వాళ్ళని కడగమనండి. తీరిక మిగలదు, తీసుకోవాలి. వారానికి ఒక్క గంట చాలు. ఆ గంట వంటింట్లో ఇంకొకరు ఉండాలి. అది అడగడానికి మొహమాటం ఎందుకు? ఆదివారం క్రికెట్ మ్యాచ్ చూడటానికి ఎవరైనా మనల్ని అడిగి కూర్చుంటున్నారా?

నాలుగోది అనుమతి. "మా వారిని అడిగి మొదలుపెడతాను" అనేవాళ్ళు చాలామందే ఉన్నారు. చెప్పండి, తప్పకుండా చెప్పండి. కానీ చెప్పడం వేరు, అడగడం వేరు. రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అయితే ఇక్కడే ఒక గీత ఉంది. దాన్ని నేను చాలా గట్టిగా పట్టుకుంటాను. రాయడానికి అనుమతి అక్కర్లేదు గానీ, ఇంకొకళ్ళ కథ చెప్పడానికి కావాలి. అత్తగారి జబ్బు అత్తగారిది. కూతురు పెద్దమనిషి అవడం కూతురిది. తోడికోడలి అప్పులు తోడికోడలివి. పిల్లల ఫొటోలు, స్కూలు పేరు, ఇంటి అడ్రసు బ్లాగులో పెట్టే పనే లేదు. "నిజాయితీగా రాస్తున్నాను" అంటూ ఇంట్లోవాళ్ళ పరువు బజార్లో పెట్టే రాతలు కూడా నేను చూశాను. అది ధైర్యం కాదు. మీకు జరిగింది, మీకు అనిపించింది మీ సొత్తు. అది ఎంత కావాలంటే అంత రాయండి. అప్పుడు "పరువు పోతుంది" అని అరిచేవాళ్ళ నోటికి తాళం దానంతట అదే పడుతుంది.

"ఇంత ఎందుకు, వాట్సాప్‌లో రాస్తూనే ఉన్నాం కదా" అంటారా? నిజమే, రాస్తున్నారు. మా అపార్టుమెంటు గ్రూపులో కొందరు పెట్టే మెసేజీలు చూస్తే వారపత్రికల్లో కూడా అంత మంచి తెలుగు కనపడదు. కానీ రేపు పొద్దున్నకి దానిమీద యాభై గుడ్‌మార్నింగులు పడతాయి. నెల తర్వాత రాసినావిడే వెతికినా దొరకదు. బ్లాగుకైతే ఒక చిరునామా ఉంటుంది. అయిదేళ్ళ తర్వాత, అదే కష్టంలో ఉన్న ఇంకొకావిడ అర్ధరాత్రి వెతుక్కుంటూ వచ్చి చదవగలదు. లేఖినిలో టైపు చేసుకుని, కూడలిలో, జల్లెడలో ఒకరినొకరు వెతుక్కుని చదువుకున్న మొదటి తరం తెలుగు బ్లాగర్లలో ఇల్లాళ్ళు కూడా ఉన్నారు. కోర్సులు చేసి రాలేదు వాళ్ళెవరూ.

ఇక పని ఎంతో చెప్తాను, ఎంత చిన్నదో చూడండి. జీమెయిల్ ఉంటే చాలు, బ్లాగర్‌లోకి వెళ్ళొచ్చు. బ్లాగుకి ఒక పేరు, ఒక చిరునామా అడుగుతుంది. పేరు దగ్గర నెలలు గడపకండి, తర్వాత మార్చుకోవచ్చు. ఫోన్ కీబోర్డులో తెలుగు పెట్టుకోండి. టైపు చేయడం కష్టమైతే మైకు గుర్తు నొక్కి మాట్లాడండి, అదే రాస్తుంది, తప్పులు మీరు దిద్దుకోండి. భయంగా ఉంటే సెట్టింగుల్లో ఎవరెవరు చదవాలో మీరే ఎంచుకోవచ్చు. మొదట ఇద్దరు స్నేహితురాళ్ళకే చూపించండి. వ్యాఖ్యలు మీరు చూశాకే కనపడేలా పెట్టుకోండి. పిచ్చి కూతలు కూసేవాళ్ళకి మీ గుమ్మంలో చోటివ్వక్కర్లేదు. అప్పుడప్పుడూ బ్యాకప్ తీసుకుని దాచుకోండి, ఎందుకంటే మాట మనదైనా స్థలం కంపెనీది.

మొదటి టపా "నా పరిచయం" అని మాత్రం రాయకండి. అక్కడే "నేనొక మామూలు గృహిణిని" అని మొదలుపెట్టి తలొంచుకుంటాం. మీరు ఈ వారం ఎవరితోనో గట్టిగా వాదించాలనుకుని, మింగేసిన మాట ఒకటి ఉంటుంది. అది రాయండి. మూడు వందల మాటలు చాలు. ఒకసారి పైకి చదువుకోండి, పబ్లిష్ నొక్కండి, ఫోన్ పక్కన పెట్టి పప్పు పొయ్యి మీద పెట్టుకోండి.

చదివేది ముందు ఒక్కరే అవ్వొచ్చు. ఆ ఒక్కరు నేనవుతాను. లింకు పంపండి.