అసురుడెచ్చట?

మన పురాణములందు దేవి యవతరించినప్పుడెల్ల ఆమె యెదుట నొక యసురుడు నిలుచును. మహిషునకు, శుంభనిశుంభులకు, రక్తబీజునకు పేరు గలదు, రూపము గలదు. కావున వధయు గలదు. పేరును రూపమును లేక ఇంటింటను కాపురముండు నసురుని వధించుటెట్లు? ఈ ప్రశ్నను మన ముందుంచినది ఏ పండితసభయు గాదు. ఒక బొమ్మల కథ.

2012 డిసెంబరులో ఢిల్లీ నగరమున, నడచుచున్న బస్సులో ఒక యువతిపై జరిగిన ఘోరకృత్యము దేశమునెల్ల కదలించినది. నాటి నిరసనలను చూచుచున్న చలనచిత్రకారుడు రామ్ దేవినేని ఒక పోలీసు ఉద్యోగిని పలుకరింపగా, అతడు రాత్రివేళ బయట తిరిగిన యువతినే తప్పుపట్టెనట! ఆ మాట రేపిన మథనములోనుండి 2014లో 'ప్రియాస్ శక్తి' యను బొమ్మల పుస్తకము పుట్టినది. దానికి డాన్ గోల్డ్‌మన్ చిత్రములు వ్రాసెను.

కథానాయిక ప్రియ పల్లెపడుచు. అత్యాచారమునకు గురియైన యామెను ఊరివారే కాదు, అయినవారును నిందించి వెడలగొట్టుదురు. అడవిపాలైన యామెకు పార్వతీదేవి అండయగును. తన్ను వెంటాడిన పెద్దపులినే లొంగదీసి వాహనముగా జేసికొని ప్రియ మరల జనుల మధ్యకే వచ్చును. వచ్చి ఖడ్గమెత్తదు, నోరు విప్పును. సిగ్గుపడవలసినది బాధితురాలు కాదని చాటును. ఈ కథలో అసలు శత్రువు లోకుల మనస్సే.

తరువాతి పుస్తకములలో ఆ శత్రువునకు క్రమముగా ముఖమేర్పడినది. 2016లో వెలువడిన 'ప్రియాస్ మిర్రర్'లో అహంకారుడను రాక్షసుడు, యాసిడ్ దాడులకు గురియైన స్త్రీలను తన కోటయందు బంధించును. 2019 నాటి కథలో రాహువు ఆడపిల్లలను భూగర్భనగరమున వేశ్యావృత్తికై చెరబెట్టును. 2020లో కరోనా మహమ్మారియే శత్రువు. అప్పుడు పాకిస్థాన్ దేశపు బొమ్మల నాయిక బుర్ఖా అవెంజర్ ప్రియకు తోడు వచ్చినది.

రాక్షసుని బొమ్మ బాలురకు సులభముగా బోధపడును, కాదనము. అహంకారుడను పేరు మన లోపలి దోషమునే వ్రేలెత్తి చూపుచున్నది గనుక మెచ్చదగినదే. కాని రాహువు మాట వేరు. ఆడపిల్లను అమ్ముకొనువాడు పాతాళమునుండి రానక్కరలేదు. వాడు పొరుగువాడు కావచ్చును, బంధువు కావచ్చును. శత్రువునకు కోరలు తగిలించిన కొలదియు మన ముఖము అద్దమునుండి తప్పుకొనును.

ఇది బొమ్మల పుస్తకములకే చెల్లు మాట కాదు. 2008 డిసెంబరులో వరంగల్లున ఇద్దరు విద్యార్థినులపై యాసిడ్ పోసిన కేసులో నిందితులు ముగ్గురు పోలీసు కాల్పులలో మరణించిరి. 2019 నవంబరులో హైదరాబాదు శివారున ఒక పశువైద్యురాలు హతురాలైన కేసులో నిందితులు నలుగురును డిసెంబరు 6న అట్లే మరణించిరి. అసురవధ జరిగినదని జనులు పోలీసులపై పూలు చల్లిరి. ఆ కాల్పులు చంపు నుద్దేశముతోనే జరిగినవని సుప్రీంకోర్టు నియమించిన విచారణసంఘము నివేదించినట్లు 2022లో వెల్లడియైనది. అంతకన్న ముఖ్యమైనది మరియొకటి గలదు. ఆ రాత్రి బిడ్డ కానరాక కుటుంబమువారు ఠాణాకు పోగా, ఫిర్యాదు నమోదులో జాప్యము చేసిరని ముగ్గురు పోలీసు సిబ్బంది సస్పెండైరి. పూలవానలో ఆ సంగతి మరుగుపడినది! ఢిల్లీలో దేవినేని వినిన మాటకును ఈ జాప్యమునకును వేరొక్కటే గాదా?

న్యాయస్థానమున నేరము రుజువై శిక్షపడుట వేరు. ఎదుటివానిని రాక్షసుడని పిలిచి, వధించి, మన బాధ్యత తీరినదని నిద్రించుట వేరు. రక్తబీజుని నెత్తురు నేలబడిన ప్రతి బొట్టును మరియొక రక్తబీజుడైనట్లు మన పురాణమే చెప్పుచున్నది. దోషము వానియందే కాదు, వానిని మొలిపించు నేలయందును గలదు. ఆ నేల మన యిల్లు, మన బడి, మన ఠాణా.

దేశమును తల్లియని కొలుచు జాతి మనది. ఆ తల్లి బిడ్డ యొకతె దెబ్బతిని గడపకు వచ్చిననాడు, 'ఏల పోయితివి?' అని యడుగక తలుపు తెరచుటయే మొదటి పూజ. పులినెక్కి ప్రియ చెప్పవచ్చినదియు ఇంతియే.