మారని ఎర్రదీపం

సావనీరుకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు అడిగినప్పుడు "విజ్ఞానశాస్త్రం – సమాజం" లాంటిదేదో రాస్తానని అనుకొని ఉంటారు. నేను రాస్తున్నది ఒక ట్రాఫిక్ దీపం గురించి. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు. కాని ఆ దీపం ముందు మా నాయన ఇరవై నిమిషాలు నిలబడ్డాడు. వెనక సీటు మీద నేనున్నాను.

మాది ములకలపల్లి అవతల, అడవి అంచున ఉన్న ఊరు. మూడెకరాల మిరప. మా దారిలో అడ్డం ఏదైనా ఉందంటే అది ఫారెస్టు చెక్‌పోస్టు గేటే. రాత్రి ఏ వేళయినా "అన్నా" అని రెండు కేకలేస్తే లోపల్నుంచి ఒక మనిషి కళ్ళు నులుముకుంటూ వచ్చి గేటు ఎత్తుతాడు. విసుక్కుంటాడు, అయినా ఎత్తుతాడు. దీపాన్ని ఏమని పిలవాలి?

పోయిన ఫిబ్రవరిలో మిరప బస్తాలు ముందురోజే ఖమ్మం మార్కెట్టుకు పంపి, జెండా పాటకు ముందే అక్కడ ఉండాలని మేమిద్దరం మోటారు సైకిలు మీద రాత్రికే బయలుదేరాం. పట్టణంలో అడుగుపెట్టేసరికి తెల్లవారుజామున నాలుగున్నర. ఒక కూడలి దగ్గర (ఏ కూడలో రాయను, ఎవర్నీ వేలెత్తి చూపడం నా పని కాదు) ఎర్రదీపం. ఆగాం. సెకన్లు చూపించే పెట్టెలో అంకెలు లేవు. రెండు నిమిషాలయింది, ఐదయింది.

"పోదాం నాయనా, ఎవరూ లేరు గదా" అన్నాను.

"నిరుడు అట్లనే పోతే ఇంటికి ఫోటో వచ్చింది" అన్నాడు.

ఆ చలానా డబ్బుకన్నా, ఫోటోలో తన బండి నంబరు కనపడటమే ఆయనకు ఎక్కువ బాధ. కోర్టు మెట్లు, స్టేషను మెట్లు ఎక్కని మనిషి. చలానా కాగితాన్ని బ్యాంకు పాసుబుక్కులో పెట్టి దాచుకున్నాడు.

వెనక ఒక లారీ వచ్చి హారను మోగించి, మమ్మల్ని ఏదో అని, పక్కనుంచి దూసుకుపోయింది. దాన్ని చూసి ఇంకో కుర్రవాడు బండి ముందుకు దూకించాడు. నడిమధ్యకు వెళ్ళేసరికి కుడివైపు నుంచి పాల వ్యాను. జానెడు దూరంలో తప్పింది. వ్యాను డ్రైవరు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను గాని న్యాయం అతనిదే. అతని వైపు పచ్చదీపం వెలుగుతోంది మరి.

చాలామంది గమనించని సంగతి ఇదే. దీపాలు పూర్తిగా ఆరిపోతే అందరికీ తెలుస్తుంది, అందరూ భయపడుతూ దాటుతారు. ఒకే చోట బిగుసుకుపోయిన సిగ్నలు అంతకన్నా ప్రమాదం. మనకు ఎరుపు మారడం లేదంటే అవతలివాడికి పచ్చ మారడం లేదన్నమాట. వాడు నమ్మకంగా, వేగంగా వస్తాడు. రెండు వైపులా ఒకేసారి పచ్చ వెలిగితే పట్టుకొని, మొత్తాన్ని మిణుకు దీపాల మీదకు మార్చే ఏర్పాటు మంచి కంట్రోలు పెట్టెల్లో ఉంటుంది. కాని ఒక వైపు ఎరుపు, ఇంకో వైపు పచ్చ గంటల తరబడి నిలిచిపోతే ఆ ఏర్పాటుకు తప్పేమీ కనపడదు. పరస్పర విరుద్ధమేమీ లేదు గదా!

విదేశాల్లో చాలాచోట్ల ఈ చిక్కు ఇంకో రకంగా వస్తుంది. రోడ్డు కింద తీగచుట్ట పాతి అందులో ఏకాంతర విద్యుత్తు పంపుతారు. పైన కారు నిలబడితే దాని లోహంలో ఎడ్డీ కరెంట్లు పుట్టి, చుట్ట ప్రేరకత్వం తగ్గుతుంది. దాన్నిబట్టి బండి వచ్చిందని పెట్టె గ్రహిస్తుంది. మోటారు సైకిలులో లోహం తక్కువ, ఒక్కోసారి దాని కంటికి మనిషి ఆనడు. అందుకే అమెరికాలో కొన్ని రాష్ట్రాలు, తగినంతసేపు ఆగి, అడ్డం ఎవరూ లేరని చూసుకొని మోటారు సైకిలువాళ్ళు దాటవచ్చని చట్టమే చేశాయి. మన పట్టణాల్లో ఎక్కువ భాగం టైమరు మీద నడిచే దీపాలు. అక్కడ గడియారం నిలిచిపోవచ్చు, లేదా చేత్తో నడిపే స్విచ్చి వేసినవారు తీయడం మరిచి ఇంటికి పోవచ్చు.

మళ్ళీ కూడలికి వస్తాను. రోడ్డు ఊడ్చే ఒక అవ్వ మమ్మల్ని కాసేపు చూసి, "అది రాత్రి నుంచి అంతే అయ్యా, మారదు" అంది. నాయన కొంచెం ఆలోచించి దిగాడు, నన్నూ దిగమన్నాడు. ఇంజను ఆపి, అటూ ఇటూ చూసి, ఇద్దరం బండి నెట్టుకుంటూ దాటాం. "నడిచేటోడికి ఫోటో రాదు" అన్నాడు. మా ఫిజిక్సు లెక్చరరు గారికి చెబితే, దివ్యమైన పరిష్కారమని మెచ్చుకొని, "ట్రాక్టరయితే ఏం చేసేవాళ్ళోయ్?" అని అడిగారు.

ఆ ప్రశ్నకు జవాబు మా మేనమామ దగ్గర దొరికింది. ఆయన రైల్వేలో పనిచేస్తాడు. ఆటోమేటిక్ సిగ్నలు ఎర్రగా ఉంటే రైలు డ్రైవరు ఆగి, పగలయితే 1 నిమిషం, రాత్రయితే 2 నిమిషాలు వేచి, కూత వేసి, అడ్డం కనపడగానే ఆపుకోగలిగినంత వేగంతోనే తర్వాతి సిగ్నలు దాకా పోవాలని నియమం. ఎంతసేపు ఆగాలి, ఎలా పోవాలి, ఎక్కడి దాకా పోవాలి, అన్నీ రాసి ఉన్నాయి. దీపం చెడిపోతుందని ముందే ఒప్పుకొని రాసిన నియమమది. రోడ్డు మీదకు దీపం తెచ్చినవాడు కూడా రైల్వేవాడే. 1868లో లండను పార్లమెంటు దగ్గర మొదటి గ్యాసు దీపం పెట్టించినది జె.పి. నైట్ అనే రైల్వే ఇంజనీరు. మరుసటి నెలలోనే అది పేలి పోలీసుకు గాయాలయ్యాయి. రోడ్డు దీపాన్ని తీసుకుంది గాని ఇలాంటి నియమాన్ని తీసుకోలేదు. నా లైసెన్సు పరీక్షలో ఎర్రదీపమంటే ఏమిటని అడిగారు. మారని ఎర్రదీపమంటే ఏమిటని అడగలేదు. పోలీసు చెయ్యి చూపితే దీపం కన్నా ఆ చెయ్యే ఎక్కువని మాత్రం ఉంది. తెల్లవారుజామున నాలుగున్నరకు ఆ చెయ్యి ఎక్కడిది?

హాస్టల్లో ఈ మాటంటే నా రూమ్మేటు ఎగిరిపడ్డాడు. "రెండు నిమిషాలు ఆగి పొమ్మంటే మనవాళ్ళు రెండు సెకన్లు ఆగుతారు" అన్నాడు. అతని మాట తీసిపారేసేది కాదు. 2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర రాయగడ పాసింజరు ముందున్న పలాస పాసింజరును వెనకనుంచి ఢీకొంది. 14 మంది పోయారు. పనిచేయని రెండు ఆటోమేటిక్ సిగ్నళ్ళను రాయగడ బండి నియమం ప్రకారం కాకుండా దాటిందని రైల్వే ప్రాథమిక విచారణ చెప్పింది. ఆ డ్రైవరు కూడా అక్కడే పోయాడు గనుక ఆయన మాట వినే వీలు లేదు. శిక్షణ పొందినవాళ్ళ దగ్గరే ఇలా జరిగితే మన లారీల సంగతేమిటి?

అందుకే అమెరికా చట్టాన్ని ఇక్కడికి దింపమని నేననను. నేనడిగేది చిన్నది. ప్రతి సిగ్నలు స్తంభం మీదా దాని నంబరు, ఏ వేళలోనైనా మనిషి ఎత్తే ఒక ఫోను నంబరు రాయండి. బండ్లు పలచబడిన రాత్రివేళ మిణుకు పసుపు పెట్టండి. సిగ్నలు చెడిందని రికార్డయిన గంటల్లో పడిన చలానాలను అడగకుండానే కొట్టేయండి. 2019 సవరణ తర్వాత ఎర్రదీపం దాటడం ప్రమాదకరమైన డ్రైవింగు కిందికి వచ్చింది. ఇంత బరువు పౌరుడి మీద పెట్టినప్పుడు దీపాన్ని సరిగా ఉంచే బరువు దాని యజమాని మీద ఉండాలి గదా. ఆ ఉదయం తప్పు చేయకుండా నిలబడింది మా నాయన ఒక్కడే, తిట్లు తిన్నదీ ఆయనే.

ఈ సంవత్సరం మళ్ళీ వెళ్ళాం. దీపం చక్కగా మారుతోంది. నాయన మాత్రం ఆగగానే, ముందుగా ఆ ఊడ్చే అవ్వ ఎక్కడైనా కనపడుతుందేమోనని చూశాడు.