తీరం జిల్లాది, పెత్తనం బెర్లిన్‌ది

1952 జులైలో తూర్పు జర్మనీ పాలకులు ఐదు రాష్ట్రాల అధికారాలను లాగేసి 14 జిల్లాలను ఏర్పాటు చేశారు. వాటిలో రోస్టాక్ జిల్లా సరిహద్దులను గీసింది చరిత్ర కాదు, ఆర్థిక ప్రణాళిక. పశ్చిమ జర్మనీ సరిహద్దు నుంచి పోలెండ్ దాకా దాదాపు బాల్టిక్ తీరమంతటినీ సన్నని పట్టీలా కత్తిరించి, పాత మెక్లెన్‌బుర్గ్, పొమెరేనియా ప్రాంతాలను ఒకే పాలన కిందకు తెచ్చారు. లోపలి పల్లెసీమలు ష్వెరీన్, నాయ్‌బ్రాండెన్‌బుర్గ్ జిల్లాలకు పోయాయి. ప్రభుత్వ యంత్రాంగాన్ని మరింత ప్రజాస్వామికం చేయడానికే ఈ మార్పు అని చట్టం పేరులోనే రాసుకున్నారు. జరిగింది మాత్రం అందుకు పూర్తిగా విరుద్ధం. పాలనా కేంద్రం ప్రజలకు చేరువైంది, నిర్ణయాధికారం వారికి మరింత దూరమైంది.

ఏది ఎవరి చేతిలో ఉందో చూస్తే సంగతి బోధపడుతుంది. విస్మార్, వార్నెమ్యుండె, స్ట్రాల్‌జుండ్ నౌకానిర్మాణ కేంద్రాలు, ఓడరేవు, వాణిజ్య నౌకలు కేంద్ర మంత్రిత్వ శాఖల కింద నడిచాయి. జిల్లా మండలికి మిగిలినవి ఇళ్ల కేటాయింపు, సరుకుల సరఫరా, చిన్న పరిశ్రమలు. అక్కడా శాఖాధిపతి ఇటు మండలికి, అటు బెర్లిన్‌లోని తన మంత్రిత్వ శాఖకు జవాబు చెప్పుకోవాలి. ఆ రెండు మాటలూ పొసగనప్పుడు పైమాటే చెల్లేది. జిల్లా సభకు ఎన్నికలంటారా, ఓటరు ముందుకొచ్చేది ఒకే ఒక ఉమ్మడి జాబితా.

జిల్లా ఏర్పడి ఏడు నెలలైనా కాకముందే, 1953 ఫిబ్రవరిలో ‘ఆక్సియోన్ రోజె’ అనే పోలీసు చర్య మొదలైంది. రూగెన్, ఊజెడోమ్ దీవుల్లోనూ ఇతర తీర పట్టణాల్లోనూ పోలీసులు హోటళ్లను, అతిథి గృహాలను సోదా చేశారు. ఇంట్లో దాచుకున్న కాఫీ పొడి లాంటివి కూడా ఆర్థిక నేరానికి రుజువులైపోయాయి. నెల రోజుల్లో 400కు పైగా ఆస్తులు జప్తయ్యాయి, చాలామంది యజమానులు జైలుకు వెళ్లారు. వాటిలో చాలా భాగం కార్మిక సంఘ సమాఖ్య విడిది గృహాలుగా మారాయి. తీరానికి తరతరాలుగా ఉన్న జీవనాధారాన్ని కాపాడే శక్తి ఆ కొత్త జిల్లాకు లేదు. కాపాడటం కోసం దాన్ని పుట్టించనూ లేదు.

కేంద్రం పట్టు లేకపోతే రోస్టాక్ ఎదిగేదా అని అడిగేవారున్నారు. ఆ ప్రశ్నను కొట్టిపారేయలేం. హాంబుర్గ్ మీద ఆధారపడకూడదని తలపెట్టిన కొత్త ఓడరేవు 1960లో తెరుచుకుంది. 1950లో సుమారు 1.3 లక్షలున్న నగర జనాభా 1980ల చివరికి 2.5 లక్షలు దాటింది. లుట్టెన్ క్లైన్ లాంటి కొత్త కాలనీల్లో వేల కుటుంబాలకు గూడు దొరికింది. ఆ మేలు నిజం. కానీ కేంద్రానికి అవసరమైనంత కాలమే నిలిచే మేలు అది. పాలక పార్టీ జిల్లా ప్రథమ కార్యదర్శి హారీ టిష్ ఇక్కడ 14 ఏళ్లు చక్రం తిప్పాడు కదా, అది స్థానిక బలం కాదా అనీ అనవచ్చు. ఆయన బలం పార్టీ అధిష్ఠానం ఇచ్చిందే. 1975లో ఆయన్ను అదే కార్మిక సంఘ సమాఖ్యకు అధిపతిగా బెర్లిన్‌కు తీసుకెళ్లిందీ పార్టీయే.

1990లో రాష్ట్రాలు తిరిగి వచ్చాయి, జిల్లాలు రద్దయ్యాయి. మెక్లెన్‌బుర్గ్-ఫోర్‌పొమ్మర్న్ రాజధానిగా పెద్ద నగరమైన రోస్టాక్‌ను కాదని శాసనసభ ష్వెరీన్‌ను ఎంచుకుంది. నౌకానిర్మాణ కేంద్రాల్లో వేల ఉద్యోగాలు పోతుంటే అడ్డుపడేందుకు తీరానికి సొంత వాటా గానీ, సొంత ఖజానా గానీ లేవు. ఆ కేంద్రాలను అమ్మే అధికారం ట్రోయ్‌హాండ్ సంస్థది. దాని కార్యాలయం కూడా బెర్లిన్‌లోనే ఉండేది.