ఖోలీతోపాటు గుడి కూడా చూడండి

మిల్లు కార్మికుల ఇండ్ల లాటరీ తగిలిందని కొందరు, కిరాయి తక్కువని కొందరు మనోళ్ళు దాదర్ విడిచి పన్వేల్, కల్యాణ్ దిక్కు పోతున్నరు. పోండి, సంతోషమే. కానీ మన క్యాథలిక్ కుటుంబాలకు ఒక మాట. నల్లా నీళ్ళు, రైలు స్టేషన్ చూసినట్టే అక్కడి గుడిని కూడా ముందే చూడండి.

దాదర్‌లో మనకు ఆ చింత లేదు. 1596లో మొదలైన పోర్చుగీసు చర్చి దగ్గరనే ఉంది. బుధవారం నొవేనాకు మాహిం పోతం. కొత్త చోట అన్నీ వెతుక్కోవాలె.

మా చాల్ నుంచి ఒక ముసలామె కొడుకు వెంట దూరం పోయింది. నాలుగు నెలలకే కన్ను మూసింది. అక్కడి విచారణలో పేరు రాయించుకోలేదు. సమాధి చోటు కోసం ఆ పిల్లగాడు రెండు దినాలు తిరిగిండు.

అందుకే డిపాజిట్ కట్టకముందే ఒక ఆదివారం అక్కడి పూజకు పోండి. ఏ భాషలో పూజ ఉందో, ఇండ్లల్ల జపమాల చెప్పుకుంటరో లేదో అడగండి. ఇల్లు మారినంక ఫాదర్ గారిని కలిసి పేరు రాయించండి. జ్ఞానస్నానం సర్టిఫికెట్, ఇక్కడి విచారణ గురువుల ఉత్తరం వెంట ఉంచుకోండి. బిడ్డ పెండ్లప్పుడు అవే అక్కరకొస్తయి.

పూజ అయినంక ఎవరూ పలకరించకపోతే మీరే పలకరించండి. మనం బొంబాయిలో దిగిననాడు మనల్ని ఎవరో ఒకరు అట్లనే పలకరించిండ్రు కదా.